వెనక్కి జరిపిన సీటు

రవీ,

నువ్వు పోయిన ఏడాదికి మన కారు మునిగింది. మొన్నటి వానకు అశోక్‌నగర్ నాలా పొంగి, మన సందులో సీట్ల దాకా నీళ్లొచ్చాయి. మునిగిన బండికి తాళం తిప్పొద్దని నువ్వనేవాడివి. తిప్పలేదు. చిక్కడపల్లిలో మన మెకానిక్ యాదన్న దగ్గరికి తోయించుకుని తీసుకెళ్లాను. ఇంజిన్ బతికింది.

సీట్లు మాత్రం ఊడదీసి ఎండబెట్టాడట. ఇవాళ వెళ్లేసరికి బిగించేశాడు. ఎక్కి కూర్చుంటే కాలు బ్రేకుకు సులువుగా అందింది. నీ పొడుగు కాళ్ల కోసం నువ్వు వెనక్కి జరుపుకున్న సీటది. ఇన్నాళ్లూ దాన్ని కదపకుండా, వీపు వెనక దిండ్లు పెట్టుకుని నడిపాను.

"ముందుకెందుకు జరిపినవ్ అన్నా?" అని అరిచాను.

యాదన్న బిత్తరపోయాడు. "దిండ్లు పెట్టుకుని తిప్పలు పడుతున్నవ్ గద చెల్లె, అందుకే జరిపిన."

"మునుపెట్ల ఉండెనో అట్లనే పెట్టు."

"ఎంత వెనక్కుండె? జర చెప్పు."

సీటు కింద చెయ్యి పెట్టి, కొంచెం కొంచెం జరుపుతూ, "ఇక్కడనా? ఇక్కడనా?" అని అడుగుతూనే ఉన్నాడు.

నాకు తెలియడం లేదు రవీ. ఒక్కసారి వచ్చి కూర్చో.