అవతలి ఒడ్డు గీయని ఆట

జూన్ 6, శుక్రవారం

తమ్ముడు రవి ఆఫీసులో గుమ్మడికాయ కొట్టారు. ‘రేవు’ ఆట రెండో భాగం ముగిసిందట.

ఇది సినిమావాళ్ళ ఆనవాయితీ — పని మొదలైన రోజు కొబ్బరికాయ, ముగిసిన రోజు గుమ్మడికాయ. వీడియో గేమ్‌కు కూడా ఇప్పుడు అదే పద్ధతి. డబ్బు పెట్టింది నిర్మాత శేషగిరి గారు కదా. మొదటి భాగానికి ఇవేమీ లేవు. మా ముందుగదిలో తమ్ముడు, వాడి స్నేహితులు, పాత కంప్యూటర్లు, నేను చేసిన ఉప్మా. అంతే.

హారతి నా చేత ఇప్పించారు. ఇంటికి పెద్దదాన్ని. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం. దిష్టి తీసి గుమ్మం ముందు పగలగొట్టారు.

“అయిపోయిందా నాన్నా?” అన్నాను.

“అయిపోయింది అక్కయ్యా.”

నా వైపు చూడలేదు. కర్పూరం పొగ అనుకున్నాను.

జూన్ 9, సోమవారం

రెండో భాగం నాకింకా చూపించలేదు.

మొదటిదానికి అలా చేయలేదు. ఒక్కో ఘట్టం తయారవగానే టాబ్లెట్ నా చేతికిచ్చి పక్కగదిలోకి వెళ్ళేవాడు. “రవీ, ఇక్కడేం చేయాలిరా” అని నేను పిలిస్తే ఆ ఘట్టం మళ్ళీ చేయాలి. పిలవకుండా ఆడానంటే అయినట్టు. ఎన్నిసార్లు పిలిచానో. ఒక్కసారీ విసుక్కోలేదు.

ఈసారి పిలుద్దామన్నా ఆట లేదు.

జూన్ 13, శుక్రవారం

కృష్ణానగర్ సందు మొదట్లో పెద్ద బొమ్మ. ‘రేవు’లో పడవ నడిపే సూరమ్మ, చేతిలో తెడ్డు. కింద విడుదల తేదీ — వచ్చే శుక్రవారం. సూరమ్మ కంటే తేదీయే పెద్దగా ఉంది.

రవి భోజనానికి వచ్చాడు. పెరుగన్నం తప్ప ఏమీ ముట్టలేదు. కళ్ళ కింద నలుపు.

“ఇంత తొందరేంట్రా?”

“ఆషాఢం వస్తోంది కదక్కయ్యా. శేషగిరి గారికి పట్టింపు. ఈలోపు వదలాల్సిందే. డేట్ వేసేశారు.”

ఈ ఊళ్ళో తేదీ ముందు పుడుతుంది. పని దాని వెనక పరుగెత్తుతుంది. నాన్న ఎడిటింగ్ గదుల్లో పనిచేసిన రోజుల నుంచీ చూస్తున్నాను. అప్పుడూ నచ్చలేదు.

జూన్ 20, శుక్రవారం

పూజ కాకముందే మల్లిక తలుపు కొట్టింది. పైగదిలో అద్దెకుంటుంది, గ్రూప్ డాన్సర్. “అక్కా, జర జల్ది రా. వచ్చేసింది.”

ఆగమన్నాను. విష్ణు సహస్రనామం పూర్తి చేసి, తులసికి నీళ్ళు పోసి వచ్చాను. అంతసేపూ మెట్ల మీదే కూర్చుంది. ‘రేవు’ ఆడేవాళ్ళకు ఆగడం వచ్చు.

ఆ ఆటే అంత. వరద తీసేదాకా పడవ కదలదు. ఎక్కినవాళ్ళు చెప్పేది వినాలి, తొందరపడితే చెప్పరు. షాటుకీ షాటుకీ మధ్య కాచుకుని కూర్చోవడమే మల్లిక వాళ్ళ ఉద్యోగం. ఆ కూర్చోవడాన్నే ఆట చేసిచ్చాడు మా వాడు. అందుకే వాళ్ళకంత ప్రాణం. మోకాళ్ళు పట్టేసి గుడిమెట్లు ఎక్కలేని నాకూ అంతే.

ఇవాళ ఇద్దరం కూర్చుని ఆడాం.

తెడ్డు నీళ్ళకు తగలడం లేదు. గాలిలో తిరుగుతోంది. వెనక మోటారు పడవలో ఎవరో తరుముతున్నారు. ఎందుకో తెలియదు. పెళ్ళికి వెళ్ళే ముసలాయన ఎక్కాడు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. దిగాక కూడా వినిపిస్తోంది.

“ఏందక్కా గిది. పడవ నీళ్ల మీద పోతలేదు, నీళ్లల్లకెళ్లి పోతాంది.”

ఆడుతూనే ఉన్నాను. ముందు ముందు బాగుంటుందేమో.

జూన్ 21, శనివారం

ఏకాదశి. ఉపవాసం. ఆట ముగిసింది.

అందరం ఎదురుచూసింది ఒక్కదానికే. మొదటి భాగంలో సూరమ్మ అందరినీ అవతలి ఒడ్డుకు చేరుస్తుంది, తాను మాత్రం దిగదు. రెండోదాంట్లో దిగుతుందని రవి మాట ఇచ్చాడు. నాకొక్కదానికే కాదు, ఇంటర్వ్యూలో, లోకమంతటికీ.

పొగమంచు వచ్చింది. పడవ ఆగింది. పేర్లు పడ్డాయి.

ఒడ్డు లేదు.

చివర, మొదటి భాగంలో లాగానే — ‘మా అక్కయ్యకు’.

నాకు వద్దు. ఇలాంటిది నా పేరున వద్దు.

జూన్ 22, ఆదివారం

మల్లిక వాళ్ళ బృందమంతా ఫోన్లలో ఒకటే రాసి పెట్టారట — ‘అవతలి ఒడ్డు ఏది?’ ఎక్కడెక్కడి వాళ్ళో అదే రాస్తున్నారు. “మబ్బుల పడేసి పోయిండక్కా నీ తమ్ముడు. ఏమనుకోకు.”

“ఏమీ అనుకోను.”

మధ్యాహ్నం రవి ఫోన్. రేపు సక్సెస్ మీట్.

“దేనికి?”

“అది... పెడతారక్కయ్యా. రిలీజయ్యాక పెడతారు. నువ్వు రావాలి. ఆ చివరి లైను వల్ల నువ్వెవరో అందరికీ తెలుసు. శేషగిరి గారు మరీ మరీ చెప్పారు. నాలుగు మంచిమాటలు.”

“ఒడ్డు ఏదిరా?”

అవతల కీబోర్డు చప్పుడు.

“గుమ్మడికాయ కొట్టిన రోజు ఉందా?”

“...లేదు.”

అదీ సంగతి. అమ్మవారి పేరు తలచుకుని, నా చేత్తో, లేనిదానికి హారతి.

సాయంత్రం వెంగళరావు నగర్ నుంచి చెల్లెలు సుజాత ఫోన్. రవే చేయించినట్టున్నాడు. “వెళ్ళి నవ్వి వచ్చేయక్కయ్యా. నీ సొమ్మేం పోయింది? నిన్నెవరైనా సినిమా సమీక్ష రాయమన్నారా?”

వెళ్తానన్నాను.

జూన్ 23, సోమవారం

ఫిల్మ్‌నగర్‌లో హాలు. వెనక తెర మీద ‘ఘన విజయం’. పూలదండలు, కేకు. ఎవరి ముఖంలోనూ విజయం లేదు. రవి స్నేహితుల్లో ఒకడు కుర్చీలోనే నిద్రపోతున్నాడు.

మైకు నా చేతికి వచ్చింది. రాత్రంతా ఏం అనాలో అనుకోలేదు. లలితా సహస్రనామం చదువుకుని పడుకున్నాను.

“ఆట పూర్తి కాలేదు. అయిందనుకుని నేనే హారతి ఇచ్చాను. ఒడ్డు ఏదని పిల్లలు అడుగుతున్నారు. వాళ్ళడిగేది న్యాయం. ఒడ్డు గీసి ఇవ్వండి.”

అంతే అన్నాను.

శేషగిరి గారు ఘటికుడు. రెండో మైకు అందుకుని నవ్వేశారు. “విన్నారుగా, అక్కగారు అప్పుడే మూడో భాగం అడిగేస్తున్నారండీ. ఆవిడ మాట కాదంటామా? మూడో భాగం ఉంటుందండీ.”

చప్పట్లు. ఈలలు కూడా.

నేను ఇంకా కూర్చోలేదు.

“మూడోది కాదండీ. రెండోదే. డబ్బు తీసుకున్నది దానికే.”

చప్పట్లు ఆగాయి. మైకు బల్ల మీద పెట్టి, చెప్పులు వెతుక్కుని, ఆటోలో ఇంటికి వచ్చాను.

రవి వైపు చూడలేదు. చూసి ఉంటే అనలేకపోయేదాన్ని.

జూన్ 24, మంగళవారం

రవి నుంచి ఫోన్ లేదు.

జూన్ 25, బుధవారం

సుజాత ఫోన్. “పదిమందిలో తమ్ముణ్ణి నిలబెట్టి... అమ్మ ఉంటే ఇలా చేసేదా?”

అమ్మ ఉంటే కేకు కోయకముందే అడిగేది. అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

జూన్ 26, గురువారం

ఆషాఢం వచ్చింది.

కృష్ణానగర్ మార్కెట్లో బూడిద గుమ్మడికాయ కొన్నాను. తొడిమ ఊడనిది, బూడిద చెదరనిది. పూజగదిలో మూల, పీట మీద పెట్టాను. కదపకపోతే నెలల తరబడి ఉంటుంది.

“వడియాలా అక్కా?” మల్లిక.

“కాదు. ఉండనీ.”

జులై 1, మంగళవారం

శేషగిరి గారే ఫోన్ చేశారు. మర్యాదగానే.

“మీ కోపం నాకర్థమైందమ్మా. కానీ మార్కెట్లో మాట ఒకటుంటుంది కదండీ. మీరు కాస్త... సర్దుకున్నారని రెండు ముక్కలు వీడియోలో చెప్పేస్తే—”

“ఒడ్డు ఎప్పుడండీ?”

“చూద్దామమ్మా. ఆషాఢం పోనివ్వండి. ఇప్పుడేం మొదలుపెడతాం.”

“కొత్తపనికి ముహూర్తం చూసుకోండి. పాడైనది బాగుచేయడానికి ముహూర్తం అక్కర్లేదు.”

నవ్వారు. “అక్కగారికి డైలాగులు బాగా వచ్చండీ.”

నేను నవ్వలేదు. వీడియో ఇవ్వలేదు.

జులై 6, ఆదివారం

తొలి ఏకాదశి. పేలపిండి చేసి నైవేద్యం పెట్టాను.

రవి వచ్చాడు. చెప్పకుండా. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“అందరి ముందూ నా పరువు తీశావు.”

“అందరికీ అమ్మావు కదరా.”

“బయటివాళ్ళు తిడుతున్నారంటే సరే. నువ్వు కూడానా? నువ్వొక్కదానివైనా నా పక్షాన—”

“నీ పక్షమే. నీ పక్షం కాబట్టే మైకు పట్టుకున్నాను. లేకపోతే ఆ ఎండలో నాకెందుకు ఆటో?”

కూర్చున్నాడు. పేలపిండి పెట్టాను. గిన్నె చేత్తో పట్టుకున్నాడు గాని తినలేదు.

నెమ్మదిగా చెప్పాడు. ఒడ్డు సగం గీశారట. మెట్లు, వేపచెట్టు, సూరమ్మ కోసం నిలబడ్డ మనుషులు — వాళ్ళ ముఖాలు గీయడం మిగిలిపోయింది. సగం చూపిస్తే నవ్వుతారు, మంచు కప్పేయండి, అర్థవంతంగా ఉంటుంది అన్నారట శేషగిరి గారు. నెల గడువు అడిగితే డేట్ అన్నారు. గుమ్మడికాయ కొట్టేస్తే ఇక ఎవరూ అడగరు, పోస్టర్ వేసేయొచ్చు అన్నారు. ఆఫీసు పిల్లల్లో ఇద్దరు మానేశారు. మిగతావాళ్ళను మూడో భాగంలో పెట్టారు.

“అప్పుడు నాతో ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు హారతి ఇవ్వవని.”

నిజం. ఇచ్చేదాన్ని కాదు.

చేయి కడుక్కోవడానికి లోపలికి వెళ్ళి పూజగది ముందు ఆగాడు.

“ఇదెందుకు?”

“మొదటిది దేనికి కొట్టామో నాకు తెలియదు. దీన్ని ఒడ్డు చూశాక కొడదాం.”

వెళ్ళిపోయాడు. పేలపిండి గిన్నె ఖాళీగా ఉంది.

జులై 8, మంగళవారం

ఆ మనుషులు. మంచు వెనక నిలబడి ఉన్నారు, ముఖాలు లేకుండా. జపంలో కూడా వాళ్ళే గుర్తొస్తున్నారు.

జులై 13, ఆదివారం

మల్లిక అమ్మవారికి బోనం ఎత్తింది. పసుపు ముఖం, కొత్త చీర. రహమత్ నగర్‌లో వాళ్ళ చిన్నమ్మ ఇంటి దగ్గర. నన్నూ తీసుకెళ్ళింది. డప్పుల మధ్య నిలబడి దండం పెట్టుకున్నాను.

తిరిగి వస్తూ ఆటోలో —

“మావోళ్లు మీ తమ్ముణ్ణి బాగ తిడ్తుండ్రక్కా. నాకు జర ఎట్లనో ఉంది. నీ ఇంట్ల ఉంటున్న గదా.”

“వాణ్ణి తిట్టకండి. ఆటను అడగండి. గట్టిగా అడగండి. ఆపకండి.”

“ఎన్నొద్దులని అడుగుతం?”

“వరద తీసేదాకా.”

నవ్వింది. పసుపు పగిలేలా. “గట్లయితే ఫికర్ లేదు. గదే గదా మాకొచ్చిన పని.”

ఇంటికి వచ్చి మొదటి ‘రేవు’ పెట్టుకున్నాం. తెడ్డు నీళ్ళకు తగులుతుంది ఇందులో. ఆ చప్పుడు కోసం ఎన్ని నదులు తిరిగాడో వాడు.

“దీన్నైతే ఎవ్వడు గుంజుకోడు గదక్కా.”

లేదు. ఎవరూ గుంజుకోలేరు.

జులై 19, శనివారం

సుజాత గొంతు తగ్గింది. రవి ఆఫీసుకు వెళ్ళడం లేదట. మూడో భాగం సంతకం చేయలేదట. “నీ మాట పట్టుకునే కూర్చున్నాడు. సంతోషమా?”

సంతోషం కాదు. భయం. వాడికి పని లేకపోతే అన్నం సయించదు. తెలుసు.

అయినా నా మాట నేను వెనక్కి తీసుకోను. అమ్మవారి ముందు కూర్చుని మళ్ళీ అడిగి చూసుకున్నాను. తీసుకోను.

జులై 22, మంగళవారం

సందు మొదట్లో బొమ్మ మార్చారు. వేరే సినిమా. దానికీ తేదీ.

జులై 25, శుక్రవారం

శ్రావణం మొదలు. మొదటి శుక్రవారం. గడపకు పసుపు రాశాను, అమ్మవారికి పరమాన్నం.

హారతి అద్దుకుంటుంటే ఫోన్. రవి. ఇన్నాళ్ళకి.

వెనక ఏదో చప్పుడు. ఆఫీసు చప్పుడు కాదు, ఫ్యాను, గిన్నెలు, ఎవరిదో ఇల్లు. మానేసిన పిల్లల్లో ఒకడి గొంతు... వాడిలాగే ఉంది. నేను అడగలేదు.

“అక్కయ్యా.”

“చెప్పు నాన్నా.”

“ఆ గుమ్మడికాయ... ఇంకా ఉందా?”

“ఉంది.”

ఇంకేదో అనబోయాడు. పెట్టేశాడు.

పూజగదిలోకి వెళ్ళి చూశాను. కదపకుండా, ఒక్క వేలితో తట్టాను. గట్టిగానే ఉంది. వేలికి బూడిద అంటింది.

టాబ్లెట్ ఛార్జింగ్‌కు పెట్టాను.