గచ్చు మీద తేదీలు

ప్రియమైన చంటిదాని నాన్నకి,

తొమ్మిది రోజులుగా ఒకటే వాన. పొద్దున రెండు గంపల బట్టలు ఉతికి, వంటింట్లోనే తాళ్ళు కట్టి ఆరేశాను. ముందుగదిలో కార్పెట్ మాత్రం ఆరే రకం కాదు. చెమ్మ పట్టి తడిసిన కుక్క వాసన వేస్తోంది. అత్తయ్య మంచం అక్కడే కదా, ఒకటే దగ్గు.

అది తీయించి కొత్త నేల వేయిద్దామని నిన్న నేనూ అత్తయ్యా కొట్టుకెళ్ళాం. చెక్క పలకలు బాగున్నాయి గానీ చెమ్మకి ఉబ్బుతాయట. వినైల్ షీట్ చూసి అత్తయ్య, "ఇది నేలా, బల్లమీద పరిచే గుడ్డా?" అన్నారు. చివరికి బూడిదరంగు టైల్స్ ఖాయం చేశాం. గరుకువి, చంటిది జారకుండా. సోమవారం మేస్త్రి వస్తాడు.

వానకి చెక్క ఉబ్బినట్టుంది, ముందుగది తలుపు పడట్లేదు. పక్కింటి దర్జీ వాళ్ళదీ అంతేనట.

వేళకి తినండి.

మీ ఇంటిది

*

ప్రియమైన నీకు,

ఈ కొత్త గనిలోనూ సొరంగం పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనే ఇచ్చారు. మన ఊరి గని మూతపడేదాకా చేసిన పనే.

కార్పెట్ పీకించకు. కావాలంటే దానిమీదే షీట్ పరిపించు. టైల్స్ బరువు. నేను సెలవుకి వచ్చాక చూద్దాం.

తలుపు పైన పట్టేస్తోందా, కిందా? దర్జీ వాళ్ళది ఎప్పట్నుంచి? అమ్మ మంచం వంటింట్లోకి మార్చు. ఎందుకని అడిగితే దగ్గుకని చెప్పు.

వెంటనే జవాబు రాయి.

నీ ఆయన

*

ప్రియమైన చంటిదాని నాన్నకి,

మీ ఉత్తరం మంగళవారం అందింది. మేస్త్రి సోమవారమే వచ్చాడు.

నేల వాలు తెలియడానికి గుమ్మంలో మట్టం పెట్టి చూసి నవ్వాడు. "అమ్మా, ఈ గదిలో నీళ్ళు పోస్తే చాలు, తుడిచే పనుండదు. వాటి దారిన అవే పోతాయి" అన్నాడు. అత్తయ్య ఊరుకుంటారా! "నీ మట్టమే వంకరేమో చూసుకో నాయనా. మా అబ్బాయి చేతులతో చేసిన గచ్చు ఇది" అన్నారు.

మేస్త్రి కార్పెట్ మూల పట్టి లాగాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గచ్చు బీటవారింది. నా వేలు దూరింది. బీటకి అడ్డంగా మూడు గాజుముక్కలు సిమెంటుతో అతికించి ఉన్నాయి. ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో తేదీ. మీ చేతిరాత. మూడూ విరిగి ఉన్నాయి. చివరి తేదీ చంటిది పుట్టడానికి వారం ముందుది.

మేస్త్రి సామాను సర్దేసుకున్నాడు. "ఇది నేలపని కాదమ్మా. మీ ఆయన్ని అడగండి" అన్నాడు.

అడుగుతున్నాను. ఆ గాజులేంటి?

అత్తయ్య మంచం కదపనివ్వట్లేదు. "వాడే వచ్చి చెప్పమను" అంటున్నారు.

మీ ఇంటిది

*

ప్రియమైన నీకు,

ఇది అందగానే ఇల్లు వదలండి. సామాను వద్దు.

బీట కదులుతోందో లేదో తెలియడానికి గనిలో అలా గాజు అతికిస్తాం. కదిలితే విరుగుతుంది. మొదటి రెండూ నా కళ్ళముందే విరిగాయి. మూడోదాని మీద కార్పెట్ వేసేశాను. చూడకపోతే విరగదనుకున్నట్టున్నాను.

మన వీధి కింద సొరంగం ఉంది. గని మూసేటప్పుడు లోపలి దుంగలన్నీ పీకి పైకి తెమ్మన్నారు కంపెనీ వాళ్ళు. మనింటి కిందవి పీకింది నేనే. పైన ఏ ఇల్లుందో తెలిసే పీకాను. నోరు విప్పినవాడికి ఇంకే గనిలోనూ పని దొరకదన్నారు. నీకప్పుడు ఏడో నెల.

అమ్మకి నువ్వే చెప్పు. దర్జీకీ చెప్పు.

నీ ఆయన

*

చంటిదాని నాన్నకి,

మీ ఉత్తరం గురువారం పొద్దున పదింటికి అందింది. ఒక్క ముక్క దాచకుండా అత్తయ్యకి చదివి వినిపించాను. "పీకింది నేనే" అన్నచోట మళ్ళీ చదవమన్నారు. చదివాను. లేచి చెప్పులేసుకున్నారు.

ఉత్తరం దర్జీ చేతికిచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. మీ పని ఉంటుందో ఊడుతుందో నాకు తెలీదు.

మేం మా అక్క దగ్గర ఉన్నాం. మిమ్మల్ని ఇక్కడికి రావద్దని రాయమన్నారు అత్తయ్య. నా మాటా అదే.

అత్తయ్య, చంటిది, నేను గురువారం పదిన్నరకి బయటపడ్డాం. దర్జీ వాళ్ళు ఐదుగురూ రెండింటికి వెళ్ళారు. శుక్రవారం మధ్యాహ్నానికి వీధంతా ఖాళీ అయింది. ఎదురింటి ముసలాయన ఒక్కడే వెళ్ళలేదు, ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు.

చంటిదాని అమ్మ