ఎర్రగుంతహాళ్ ఆసుపత్రి కింద అలల కోసం వదిలిన ఖాళీ

కార్యనిర్వాహక ఇంజనీరు గారి సముఖమునకు,
ఆరోగ్య కట్టడాల విభాగం, ఆదోని.

అయ్యా,

విషయం: ఎర్రగుంతహాళ్ గ్రామ ఆసుపత్రి కింద సముద్రపు అలలు పోవుటకు వదిలిన ఖాళీలో కాన్పు గది ఒకటి కట్టుకొనుటకు అనుమతి కోరుట గురించి.

పై గ్రామ కాపురస్థుడను, మేస్త్రీ ఉరుకుందు అను నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా కొత్త ఆసుపత్రి నేల మీద లేదు. పన్నెండు అడుగుల స్తంభాల మీద ఉన్నది. పైకి ఇరవై నాలుగు మెట్లు. ఉప్పెన వచ్చినచో నీళ్లు కింది నుంచి పోయి, పైన రోగులు క్షేమంగా ఉండవలెనని ప్లానులో రాసియున్నది. మంచి ఆలోచనే. సముద్రం మాకు నాలుగు వందల కిలోమీటర్ల దూరం ఉండవచ్చు. ఊరి బోరులో నీళ్లు కనపడి రెండు వేసవులైనది.

2. స్తంభాలకు పడవలు కట్టుకొనుటకు ఇనుప కొక్కేలు కలవు. ప్రస్తుతం వాటికి మా ఊరి కాశప్ప పాడి ఎనుములు కట్టియున్నవి. తుపాను గాలికి ఊడని తలుపులు పెట్టినాము. వాటిని తెరవడానికి ఇద్దరు కావాలి. నర్సు దానమ్మ ఒక్కతే ఉన్నది.

3. తీరప్రాంతపు ఊరి ప్లాను మాకు వచ్చినది. మాది ఆ ఊరికి పోయినట్లు తమ కార్యాలయంలో అందరూ అంటారు, కాగితం మీద ఎవరూ పెట్టరు. మాకైతే మెట్లెక్కి మోకాళ్లు నొస్తాయి, అంతే. సముద్రం ఒడ్డున నేలబారు ఆసుపత్రిలో పడుకున్నవాళ్ల గతి ఏమిటయ్యా? నా అర్జీ పక్కన పెట్టినా సరే, ముందు అది చూడండి.

4. నా బిడ్డ నందినికి నెలలు నిండినవి. కాళ్లు నీరు పట్టినవి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మెట్లెక్కవద్దని వారానికొకసారి వచ్చే డాక్టరు గారు చీటీ రాసిచ్చినారు. ఆ చీటీ కోసం ఇరవై నాలుగు మెట్లూ ఎక్కి వచ్చినది. కాన్పు గది కూడా పైనే ఉన్నది.

5. ఇందు నిమిత్తం తమ కార్యాలయానికి మూడుసార్లు తిరిగినాను. మూడోసారి మంజునాథ్ సారు ఫైలంతా చదివి, నవ్వకుండానే, “కింద మూసేస్తే అల యాడికి పోవాలప్పా?” అన్నారు. అల వచ్చిన రోజు నేనే గోడలు పగలగొడతానని చెప్పినాను. రాసిమ్మన్నారు. రాసిచ్చినాను. దానికి ముద్ర వేసి నంబరు కూడా ఇచ్చినారు.

6. ఈ ఆరోది రాయకూడదని మూడు రోజులు అనుకున్నాను. ఆ కట్టడం కట్టినది నేనే. వానలు లేక ఊరు వదిలి, తొమ్మిదేళ్లు సముద్రం ఒడ్డున రేవు పనుల్లో ఉన్నవాణ్ణి. ప్లాను విప్పిన రోజే అది మాది కాదని తెలిసినది. చెప్పలేదు. చెబితే పని ఆగిపోతుందని కొంత. అసలు సంగతి వేరే. ఆ తొమ్మిదేళ్లూ నేను కాంక్రీటు మోసినవాణ్ణే, నన్ను కట్టనిచ్చినవాడు లేడు. సముద్రానికి ఎదురు నిలబడే కట్టడం ఒక్కటి, మా ఊళ్లో, నా చేత్తో కట్టాలని ఆశపడినాను. కట్టినాను. ఒక్క పగులు లేదు, వచ్చి చూసుకోండి. జనం మెచ్చుకుంటే మీసం తిప్పినాను.

మొన్న నందిని స్తంభానికి ఆనుకుని నిలబడి, పైకి చూసి, “నాయినా, కట్టేటప్పుడు ఒక్క తూరన్నా కడుపుతో ఉండేటోళ్లు ఎట్ల ఎక్కుతారని అనుకోలేదా?” అని అడిగినది. సిగ్గుతో చచ్చిపోయినాను, అయ్యా.

కావున తమరు దయతలచి, నాలుగు స్తంభాల నడుమ నాలుగు గోడలకు, ఒక తలుపుకు అనుమతి ఇప్పించవలెను. ఇటుకలు ఊరివి, పని నాది. స్తంభాలకు గీత కూడా పడనివ్వను. ప్రభుత్వం వారు పెట్టవలసినది ఒక్క సంతకం. ఇన్ని మాటలన్నందుకు కోపగించక, నొప్పులు రాకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తప్పు తెలిసీ కట్టిన మేస్త్రీ,
ఉరుకుందు.

తా.క.: అర్జీ మడిచేలోపే నందినికి నొప్పులు వచ్చినవి. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం ఎత్తినాము. మెట్ల మలుపు దాటలేకపోయినాము. దానమ్మ దిగివచ్చి అక్కడే కాన్పు చేసినది. చుట్టూ ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టుకున్నారు. పట్టపగలు, కింద ఎనుములు చూస్తుండగా, నా బిడ్డ మెట్ల మీద కన్నది. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. నేనే బాగా లేను.

ఆ సాయంత్రమే ముగ్గు పోసి గోడలు మొదలుపెట్టినాను. ఇప్పటికి నడుమెత్తు లేచినవి. మా ఊరి బసమ్మ కోడలికి కాన్పు పదో తేదీ అన్నారు. తమ అనుమతి వస్తే సంతోషం. కాదంటే కూలగొట్టడానికి మనుషులను పంపండి. పదో తేదీ దాటితే మాత్రం తలుపు తట్టి రమ్మనండి, లోపల బాలింత ఉంటుంది.