మా వంటింటి మీదుగా దారి

అటవీ ఆఫీసరు బాబుగారికి,

రెండు అడవుల మధ్య ఇంట్లో ఉండే ముసలమ్మను. చదివింది నాలుగో తరగతి, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

జింకలు నా చిక్కుడు పాదు మేస్తున్నాయని పోయిన నెల అర్జీ పెట్టింది నేనే. మీరు మా ఇంటికి అటూ ఇటూ పొడుగునా గోడ కట్టించారు, చల్లగా ఉండండి. కానీ బాబూ, గడ్డి ఈ వైపు అడవిలో, నీళ్లు ఆ వైపు అడవిలో ఉన్నాయి. ఇప్పుడు వాటికి మిగిలిన సందు మా ఇల్లొక్కటే. వీధి తలుపులోంచి వచ్చి, హాలు దాటి, వంటింట్లోంచి పోతున్నాయి. తలుపేస్తే కొమ్ములతో కొడుతున్నాయి. గొళ్లెం మూడుసార్లు చూసుకునే మనిషిని, రెండు తలుపులూ బార్లా తీసి కూర్చున్నాను. మా ఆయనకేమో సరదా. "మనింటికి ఇంతమంది చుట్టాలు ఎప్పుడొచ్చారే!" అంటూ కాళ్లు కుర్చీ మీదికి లాక్కుని పేపరు చదువుకుంటారు.

నిన్న నిండు చూలుతో ఉన్న జింక మా గచ్చు మీద జారింది. గోనెపట్టాలు పరిచాను. ఇంకో దిగులు, ఈ వైపు మిగిలినవన్నీ ఒక్క తల్లి పిల్లలే. ఆ వైపుకు పోకపోతే సంబంధాలెలా కలుస్తాయి? వంశమెలా నిలుస్తుంది?

చిక్కుళ్లు పోతే పోయాయి. పెరటి పక్క గోడలో బండి పట్టేంత దారి తీయించండి, ఆ చూలు జింక ఈనేలోగా.

ఇట్లు,
ఆ అర్జీ పెట్టిన ముసలమ్మ

చూడటానికి వస్తే గుమ్మంలో మాత్రం నిలబడకండి బాబూ. దాటేవాళ్లకు అడ్డం.