అత్త కుంగ్‌ఫూ క్యాసెట్

అత్తా,

నువ్వు పోయిన ఏడాదికి నీ కుంగ్‌ఫూ క్యాసెట్‌ను వెతుక్కుంటూ ఒకాయన మన కల్లూరు ఇంటికి వచ్చాడు. హైదరాబాదు మనిషి. పాత ఫైటింగ్ సినిమాలు సేకరిస్తాడట. గురువును చంపినవాడి మీద శిష్యుడు పగ తీర్చుకునే ఆ చైనా సినిమా తెలుగు మాటలతో ఇప్పుడెక్కడా దొరకడం లేదట.

"ఇచ్చేద్దాంలే, ఇంగ ఎవరు చూస్తారు?" అన్నాడు నీ కొడుకు. నాకు ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నం అంగడి మూసి, ఆ సినిమా పెట్టుకుని, "వాన్ని ఇడ్సొద్దప్పా!" అని శిష్యుడికి ధైర్యం చెప్పేదానివి కదా.

అటక మీది వీసీఆర్ దించి పెట్టాం. ఆయన కన్నార్పకుండా చూశాడు. చివర్లో శిష్యుడు కత్తి దూసి విలన్ మీదికి ఎగిరాడు. అంతలో బొమ్మ మారిపోయి మన పాప పుట్టినరోజు వచ్చింది! ఆనాడు కొత్త క్యాసెట్ దొరక్క దీని మీదే తీయించాం.

తెర మీద నువ్వు, చేతిలో లడ్డు. "ఏమప్పా, నన్ను తీస్తాండావు? పాపను తియ్యి!" అని వీడియో ఆయన్ను గదమాయించావు. నీ కొడుకు టీవీకి దగ్గరగా జరిగి కూర్చున్నాడు.

"చివరి ఫైటు ఏదమ్మా?" అన్నాడు వచ్చినాయన.

"ఆడికొచ్చినాక మా అత్తే లేచి కొట్టి చూపిస్తాండె సార్," అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు.

"క్యాసెట్ ఇయ్యలేం సార్, కాపీ చేసుకోండి," అన్నాడు నీ కొడుకు. "కాపీలో పుట్టినరోజు లేకుండా తీసేయండి."

"అదీ ఉండనివ్వండి," అన్నాడాయన.

ఆయన కాపీలో విలన్ చావడు అత్తా. నువ్వు లడ్డు తింటుంటే సినిమా అయిపోతుంది.

నీ కోడలు