ఆరూ పదికి వచ్చే పేరు

సూర్యాపేట,
ఫిబ్రవరి 12

సలోమీ,

జులై పదిహేడు. ఉష ఐదున్నరకు లేచింది. ఇద్దరికీ టిఫిన్ డబ్బాలు కట్టింది. నేను ఏడింటి బస్సుకు మిర్యాలగూడ కాలువ ఆఫీసుకు వెళ్లాను. తను బడికి వెళ్లింది. సాయంత్రం ఆరింటికి నేను ఇల్లు చేరేసరికి లోపలి గదిలో తలుపు వేసుకుని ఉంది. కాసేపటికి బయటకొచ్చి ఛాయ్ పెట్టింది. గ్లాసు నా చేతికిస్తూ ఎడమ భుజం లాగుతోందంది. నొప్పి మాత్ర వేసుకోమన్నాను. వేసుకుంది. ఆరూ ముప్పావుకు గోడ పట్టుకుని కింద కూర్చుంది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. తోవలో "గ్యాస్ కట్టేసినవా?" అని అడిగింది. కట్టేశానన్నాను. ఆ తర్వాత మాట్లాడలేదు. ఎనిమిదింటికి ఒక కాగితం మీద నా సంతకం తీసుకున్నారు.

మీ అక్క చివరి రోజు గురించి నువ్వు మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ మాట దాటేశాను. ఇంతే జరిగింది.

ఇంకో సంగతి. కోదాడలో మీ వీధిలోనే నాకు రెండు గదులు చూశారని అత్తమ్మ చెప్పింది. నేను కూడా ఈ ఇంటికి కిరాయికి మనుషులను మాట్లాడాను. మార్చి ఒకటిన దిగుతామన్నారు. ఇప్పుడు వాళ్లను వద్దనాలనుకుంటున్నాను. కోదాడ రాలేను. కారణం ఫోన్‌లో చెప్పే రకం కాదు, అందుకే ఉత్తరం. నవ్వకు.

మా ఇంట్లో చిన్న కంప్యూటరు డబ్బా నువ్వు చూసే ఉంటావు. బైబిలంత ఉంటుంది. రెండేళ్ల కిందట మిర్యాలగూడలో నా కాలేజీ దోస్తు జగన్మోహన్ తన రైస్ మిల్లులో పాతవి తీసేస్తూ ఒకటి నాకిచ్చాడు. కాటా గదిలో ఏళ్లపాటు లారీల తూకాలు చూసిన డబ్బా. విప్పితే ఫ్యాను నిండా తవుడు. దులిపి, తుడిచి, దాన్ని ఇంటి సర్వర్ చేశాను. ఫొటోలు, చర్చి పాటలు అందులో వేస్తే ఇంటి వైఫైలో ఉన్న ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటాయి. ఉష మొదట నవ్వింది. తర్వాత నాకంటే తనే ఎక్కువ వాడింది. 'పాఠాలు' అని ఒక ఫోల్డర్ పెట్టుకుంది. తన ఫోన్‌లో రికార్డు చేసిందల్లా దానంతటదే అందులో చేరేలా నాతోనే చేయించుకుంది. బడివి అనుకున్నాను. ఇప్పటికీ తెరవలేదు. అందులో తన గొంతు ఉంటుందని భయం.

తను పోయాక డబ్బా, నెట్ అన్నీ బందు చేశాను. సెప్టెంబరులో రిటైరయ్యాను. డిసెంబరుకు చేతులకు ఏదో ఒక పని లేకపోతే బతకలేననిపించి డబ్బాను మళ్లీ కిందికి దించాను. కంపెనీవాళ్ల రూటరు సతాయిస్తుంటే ఆ పనీ దీనికే అప్పజెప్పాను. ఇప్పుడు నెట్ ముందు ఇందులోకి వచ్చి, ఇక్కడి నుంచే ఇల్లంతా పోతుంది. వైఫైకి పాత పేరే, పాత పాస్‌వర్డే ఉంచాను. రెండూ ఉష పెట్టినవి. వాటిని ఎరిగిన ఫోన్ దగ్గరకు వస్తే చాలు, దానంతటదే కలిసిపోతుంది. ఎవరెవరు కలిశారో తెర మీద పట్టీ కనిపిస్తుంది. మొదటి రోజు నా ఫోన్ పేరు, టీవీ పేరు ఉన్నాయి. సాయంత్రం ఆరూ పదికి మూడో పేరు వచ్చింది.

'ఉష.'

బీరువా తెరిచాను. తన ఫోన్ చీరల మధ్య, నేను పెట్టిన చోటే ఉంది. ప్రాణం లేదు దానికి. ఎన్నిసార్లు నొక్కినా వెలగలేదు. ఆ రాత్రి ఎనిమిది దాటాక గానీ పేరు పోలేదు. మర్నాడు మళ్లీ ఆరూ పదికి వచ్చి, ఆరూ నలభైకి పోయింది. రెండు నెలలుగా ఇదే వరస. ఆదివారం మాత్రం రాదు. ఆదివారాలు చర్చి నుంచి నేరుగా కోదాడ బస్సెక్కి అత్తమ్మ దగ్గరకు వచ్చేది కదా.

నేను ఫిజిక్సు చదివినవాణ్ణి. ఇది ఎక్కడో జరుగుతున్న పొరపాటని తెలుసు. దాన్ని వెతకడం లేదు. ఆరు కాగానే రెండు గ్లాసులు కడిగి పెడతాను. లైటు వేయను. డబ్బా మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటాను. అది పిల్లి వీపులా వెచ్చగా, సన్నగా కదులుతూ ఉంటుంది. వేడెక్కితే ఇప్పటికీ తవుడు వాసన. కిటికీలో వెలుతురు నేలమీదికి జారి, గోడెక్కి, అక్కడే ఆరిపోతుంది. అప్పుడు పేరు వస్తుంది. వంటగదిలో ఒక మనిషి ఉన్నప్పుడు ముందుగదిలో కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో అలా ఉంటుంది నాకు. తిరిగి చూడనక్కర్లేదు, ఉన్నదని తెలుస్తుంది. నేను మాట్లాడను. ఎప్పుడు మాట్లాడాను గనక. అరగంటయ్యాక లేచి లైటు వేస్తాను.

ఇల్లు కిరాయికిస్తే డబ్బా తీగ పీకాలి. పీకలేను.

మీ బావ,
రాజారత్నం


కోదాడ,
ఫిబ్రవరి 16

బావా,

నవ్వలేదు. ముందు ఏడ్చాను, తర్వాత నీ మీద కోపమొచ్చింది. రెండు గ్లాసులు కడిగే మనిషివి, ఒక్కసారి గేటు తీసి బయటికి చూడలేకపోయావా?

అమ్మకు నీ ఉత్తరం చదివి వినిపించాను. చివరిదాకా విని ఏమందో తెలుసా? "ఆదివారాలు నా దగ్గరకి వస్తందంటనా మీ బావ? రావట్లేదే. ఇక్కడికీ రాక, అక్కడా ఉండక, మరి ఎక్కడికి పోతందంట అది?" అని మొహం అటు తిప్పుకుంది. మధ్యాహ్నం అన్నం తినలేదు. మా అబ్బాయి గోపి బతిమాలితే రాత్రికి రెండు ముద్దలు తింది. ఇట్లాంటివి అమ్మ చెవిన పడేలా ఇంకెప్పుడూ రాయొద్దు.

ఇప్పుడు నేనొకటి చెప్పాలి. నీకు చెప్పొద్దని అక్క నాతో ఒట్టు పెట్టించుకుంది. తనే లేదు, ఇక ఒట్టు ఏం చేసుకోను. అక్కకు ఇంతకు ముందు ఒక ఫోనుండేది గుర్తుందా, పసుపు అట్టది? కిందపడి పగిలిపోయిందని నీకు చెప్పింది. పగల్లేదు. ఎవరికో ఇచ్చింది. "ఎవరికే?" అంటే, "చదువుకునేవాళ్లకి. మీ బావకి చెప్పమాకే, మళ్లీ మొహం ముడుచుకుంటాడు" అంది. నేను ఇంకేమీ అడగలేదు. ఆ తీసుకున్నవాళ్లకు ఫోన్‌లో పేరు మార్చుకోవచ్చని తెలిసుండదు.

మీ వైఫై ఎంత దూరం అందుద్ది? గోడ దాటి నాలుగడుగులు పోదా? ఆరూ పదికి ఆ డబ్బా దగ్గర కాదు, గేటు దగ్గర నిలబడు. నువ్వెప్పుడూ లోపలే కూర్చుంటావని అక్క అనేది. కోపంగా అనేది కాదు. చూసొచ్చాక కోదాడ వస్తావో మానతావో నీ ఇష్టం.

నీ మరదలు,
సలోమి


సూర్యాపేట,
ఫిబ్రవరి 20

సలోమీ,

నీ ఉత్తరం అందాక రెండు రోజులు ఊరికే ఉన్నాను. పేరు వచ్చింది, పోయింది. నిన్న గేటు తీశాను.

చివ్వెంల బస్సు ఆగేది మా ఇంటికి ఎదురుగానే. ఇరవై ఏళ్లుగా ఆగుతోంది. అక్కడ ఎవరు కూర్చుంటారో నేను చూడలేదు. మూసేసిన బడ్డీకొట్టు అరుగు మీద నలుగురు ఆడవాళ్లున్నారు. మార్కెట్ యార్డులో వడ్లు చెరిగి వస్తున్నవాళ్లు. జుట్టు మీద, రెప్పల మీద ధూళి. చలి కాగుతున్నట్టు ఒక ఫోన్ చుట్టూ వంగి ఉన్నారు. పసుపు అట్ట. రోడ్డు సగం దాటేసరికి ఉష గొంతు వినిపించింది. అక్కడే ఆగిపోయాను. వెనక ఆటోవాడు తిట్టాడు.

నన్ను చూసి ఒకామె పక్కామె చెవిలో "ఛాయ్ సారే!" అంది. ఇద్దరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"జర ఊకోర్రి," అని ఫోన్ పట్టుకున్నామె లేచి నిలబడింది. "సారూ, నెట్ బందు జేస్తరా?"

ఆమెను గుర్తుపట్టాను. వీరమ్మ. రెండేళ్ల కిందట ఉష సాయంత్రాలు మా వరండాలో కొందరికి ఓపెన్ స్కూలు పదో తరగతి పాఠాలు చెప్పేది. ఆఫీసు నుంచి వచ్చేసరికి గేటు దగ్గర చెప్పులు, లోపల గోల. ఒకనాడు వాళ్ల ముందే "ఇది ఇల్లా, బడా?" అన్నాను. మర్నాటి నుంచి ఎవరూ రాలేదు. ఉష నా మాటకు ఒప్పుకుందనుకున్నాను.

"ఫోను మేడమే ఇచ్చింది సారూ, దొంగతనం గాదు," అంది వీరమ్మ.

"తెలుసు."

"మీరు రావద్దన్నరు గద. మేడం ఏమన్నదంటే, 'మా సారుకు లొల్లి పడదు, మీరు లోపలికి రాకుర్రి. గీ బస్సు కాడ కూసోర్రి, పాఠమే మీ కాడికి వస్తది' అన్నది. అన్నట్టే వచ్చింది. గీ బొమ్మ మీద ఒత్తితే సాలు. ఆమె పోయినంక ఐదు నెల్లు రాలే. అయినా రోజు ఒత్తి సూస్తుంటిమి. ఒకనాడు టక్కున వచ్చింది సారూ! ఆ పూట రెండు బస్సులు ఇడిసిపెట్టినం."

డిసెంబరులో ఆ సాయంత్రం గోడకు ఇటువైపు నేను ఎలా కూర్చున్నానో, అటువైపు వాళ్లూ అలాగే కూర్చున్నారన్నమాట.

"ఛాయ్ సార్ అని ఎందుకంటారు నన్ను?"

నవ్వులు ఆగిపోయాయి. వీరమ్మ ఫోన్ కొంగులో దాచుకుంది. అందరిలోకి పెద్దామె, "ఇనిపియ్యవే. ఆయన పెండ్లామే గద," అంది. వీరమ్మ పదిహేనో పాఠం మీద వేలు పెట్టింది. సైన్సు. కాంతి.

విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"పెండ్లయిన కొత్తల మా సారు నన్ను సాగర్ కాలువ కాడికి తీస్కపోయిండు. నీళ్లల్ల ఒక కర్ర నిలబెట్టి, సూడు ఉషా, ఇరిగింది అన్నడు. నేను నమ్మిన. తీసి సూపిస్తే కర్ర మంచిగనే ఉన్నది. అంటే ఏంది? ఉన్న జాగల కనవడకుంట ఇంకో జాగల కనవడ్తది. గిట్ల ఎందుకైతదో సెప్తా, ఇనుర్రి. ఎందుకంటే..."

తలుపు మీద దెబ్బలు. వెనక టీవీ వార్తలు. నా గొంతు. "ఉషా, ఛాయ్ ఏది? ఎవరితోటి ముచ్చట?"

"ఇగో, వస్తున్న."

అంతే. అక్కడితో అయిపోయింది.

మొదటి ఉత్తరంలో 'కాసేపటికి బయటకొచ్చి' అని రాశాను. తనంతట తను రాలేదు. టీవీ పెద్దగా పెట్టి, తలుపు కొట్టి నేను రప్పించాను. ఏడు నెలలుగా నా గొంతులో ఉన్నది ఇదే. మూడుసార్లు మాట దాటేసింది ఇందుకే. తలుపు కొట్టకపోతే బతికేదని కాదు. పాఠం పూర్తయ్యేది. అంతే.

వాళ్ల పరీక్షలు ఏప్రిల్‌లో. ఇరవై రెండు పాఠాలు చెబుతానందట ఉష. పద్నాలుగున్నర ఉన్నాయి.

"ఉన్నయే మల్ల మల్ల ఇంటున్నం," అంది వీరమ్మ. "గా సగం పాఠం గూడ నోటికొచ్చింది సారూ. ఎందుకంటే కాడి దాక."

"ఎందుకో తెలుసా?"

"తెల్వదు. గప్పుడే మీరు ఛాయ్ అడిగిన్రు."

పెద్దామె కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో తెలియదు. అంతలో బస్సు వచ్చింది. ఎక్కుతూ వీరమ్మ మళ్లీ అడిగింది. "నెట్ ఉంచుతరు గద సారూ?" తల ఊపాను. చేతిలో నా ఫోన్ ఉంది, పట్టీ తెరిచే ఉంది. బస్సు కదిలింది. ఆరూ నలభై. పేరు పోయింది. ఈసారి ఎటు పోయిందో చూశాను. కిటికీ పక్క సీట్లో, ఒక మనిషి ఒళ్లో, చివ్వెంల వైపు.

అత్తమ్మకు చెప్పు, ఆదివారం యార్డు బందు. అందుకే రాదు. ఇంకెక్కడికీ పోలేదని చెప్పు.

కిరాయివాళ్లను మేలో దిగమన్నాను. ఒప్పుకున్నారు. పరీక్షలు కాగానే కోదాడ వస్తాను. డబ్బాను కిటికీ దగ్గరికి జరిపాను. వరండా కడిగాను. సాయంత్రం వీరమ్మ వాళ్లకు గేటు తీసి ఉందని చెబుతాను. వస్తే ఛాయ్ నేనే పెడతాను.

ఈ మధ్యాహ్నం ఉష పుస్తకం తీసి కాంతి పాఠం రెండుసార్లు చదివాను. తనలా చెప్పడం నాకు రాదు. రేపు పొద్దున ఆరింటికి, వీధిలో చప్పుడు మొదలుకాకముందే, టీవీ తీగ పీకేసి, లోపలి గదిలో తలుపు వేసుకుని, ఫోన్‌లో రికార్డు నొక్కి, 'ఎందుకంటే' దగ్గర మొదలుపెడతాను.

మీ బావ,
రాజారత్నం