అమ్మ చేతులు

13 ఆగస్టు 1963, మంగళవారం
నిమ్‌పురా రైల్వే క్వార్టర్స్

అమ్మ దగ్గు చూపించడానికి ఆసుపత్రికి వెళ్ళాం. పోయిన నెల నాన్న అంత హఠాత్తుగా ఎలా పోయారని డాక్టరమ్మను నేనే ఇంగ్లీషులో అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

తెగినచోట రక్తం గడ్డకట్టడం వల్లే మనం బతుకుతామట. కానీ విరిగి, కదలకుండా ఉన్న కాలిలో ఒక్కోసారి రక్తనాళం లోపలే గడ్డకడుతుందట. పిక్క వాస్తుందట. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే మనిషి దక్కడం కష్టమట.

"వాచిన కాలిని ఎవరైనా గట్టిగా పిసికారా?" అని అడిగింది. లేదని తల ఊపాను.

షెడ్డులో విరిగిన కాలికి పిండికట్టు విప్పినప్పటి నుంచి అమ్మ రోజూ ఆవనూనె కాచి నాన్న పిక్క పట్టేది. నాన్న పోయిన సాయంత్రం కూడా పట్టింది. "షెడ్డులో ఇంజనుకైనా ఇంత నూనె పట్టించరే" అని నాన్న నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే గుండె పట్టుకున్నారు.

"ఏటంతన్నారే డాక్టరమ్మ?" పక్కనే కూర్చున్న అమ్మ అడిగింది.

"నాన్నకి నొప్పి తెలీలేదటమ్మా."

"నా సేతుల్లోనే పోయినారు కదే. ఆ మాత్రం సుఖమైనా ఇచ్చినాను" అంది.

ఇందాక భోజనాలయ్యాక, ఎండలో నడిచి అలిసిపోయానని నా కాళ్ళు ఒళ్ళోకి తీసుకుంది. అదే నూనె వాసన. వెనక్కి లాక్కుంటే ఎందుకని అడుగుతుంది. పిక్క మీద అమ్మ వేళ్ళు కదులుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి అలాగే కూర్చున్నాను.